బోలు గుండు, బంగారు పెట్టె

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం. సంచిక కోసం అక్కడక్కడ సరిచేసి ఇస్తున్నాను.)



"మీ పరిశోధన గురించి అందరికీ అర్థమయ్యేటట్టు అరగంట మాట్లాడండి" అని కార్యదర్శిగారు ఫోన్ చేశారు. ఆయన నాకు రెండేళ్లు సీనియరు. కాదనలేకపోయాను. నా పీహెచ్‌డీ విషయం తెలుగులో చెప్పాలంటే "రసాయన ద్రావణంలో బోలు లోహ నానోకణాల ఆకృతిని అదుపు చేయటం". ఈ మాట మొదటిసారి విన్నప్పుడు మా అమ్మ, "బోలు అంటే లోపల ఏమీ లేదనేగా, ఏమీ లేనిదానికి ఐదేళ్లెందుకే?" అంది. ఈ అరగంటలో అమ్మకు జవాబు చెప్పటానికి ప్రయత్నిస్తాను.

మా నాన్నగారు మీలో చాలామందికి తెలుసు. పాత బజారులో రామాలయం పక్క సందులో అరుగుమీద కుంపటి పెట్టుకుని కూర్చునే ఆచారిగారు. మీ ఇళ్లలో అమ్మమ్మల మెడల్లో ఉన్న గుండ్లపేర్లు కొన్ని ఆయన చేసినవే. ఆ గుండ్లు బోలువి. పల్చగా కొట్టిన బంగారు రేకును గుంటల దిమ్మలో పెట్టి రెండు అరచిప్పలు చేసేవారు. అంచులు కలిపి, వెలిగారం పెట్టి, ఊదుగొట్టంతో ఊది అతికేవారు. తర్వాత సన్నటి రంధ్రం గుండా లక్క నింపేవారు. లక్క లేకపోతే గుండు నొక్కుకుపోతుంది. గట్టి గుండ్లు చేయించుకునే స్తోమత ఊళ్లో ఎందరికుంది? ఉన్న కాస్త బంగారంతో నిండుగా కనిపించే నగ కావాలంటే బోలుగా చేయటమే దారి.

నాన్నకు ఒక అలవాటు ఉండేది. లక్క నింపకముందు ఒక తూకం, నింపాక ఒక తూకం వేసేవారు. రెండూ చీటీమీద రాసి, నగతోపాటు చేతిలో పెట్టేవారు. ఒకసారి ఒక పెద్దింటివాళ్లు ఆ చీటీ పారేసుకుని, కొన్నేళ్ల తర్వాత నగ అమ్మబోయి, "ఆచారి లక్కను బంగారం రేటుకు అమ్మాడు" అని బజారులో నిలబెట్టి అడిగారు. నాన్న తన దగ్గరున్న పుస్తకం తీసి చూపించారు. రెండు తూకాలూ అందులో ఉన్నాయి. వాళ్లు వెళ్లిపోయాక నాతో అన్నది ఒకటే మాట: "బోలుగా చెయ్యటం మోసం కాదమ్మా. బోలని చెప్పకపోవటం మోసం." అప్పుడు నేను ఎనిమిదో తరగతి. ఆ మాట విలువ నాకు తెలియటానికి ఇంకో పన్నెండేళ్లు పట్టింది.

ఇక రెండో మనిషి మా సైన్సు మాస్టారు. తొమ్మిదో తరగతిలో స్థానభ్రంశ చర్య పాఠం వచ్చింది. మైలుతుత్తం నీళ్లలో ఇనుప మేకు వేస్తే మేకుమీద ఎర్రటి రాగి పూత పట్టటం అన్ని బళ్లలోనూ చూపిస్తారు. మా మాస్టారికి అది చాలలేదు. వెండి నైట్రేటు ద్రావణంలో రాగితీగ పెట్టి చూపించాలన్నారు. బడిలో వెండి నైట్రేటు లేదు, కొనటానికి డబ్బూ లేదు. ఒక సాయంత్రం ఆయన మా అరుగు దగ్గరికి వచ్చారు. నాన్న ఆకురాయి కింద రాలిన వెండి పొడి చిటికెడు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చారు. మాస్టారు దాన్ని నత్రికామ్లంలో కరిగించి వెండి నైట్రేటు చేశారు. మర్నాడు పరీక్షనాళికలో రాగితీగ చుట్టూ తెల్లగా మెరుస్తూ వెండి ముళ్లు ముళ్లుగా మొలిచింది. నీళ్లు మెల్లగా నీలమయ్యాయి. రాగి కరిగి నీళ్లలోకి పోతోంది, నీళ్లలోని వెండి బయటికి వస్తోంది. మా ఇంటి వెండి కరిగిపోయి మళ్లీ మా కళ్లముందు వెండిగా పుట్టింది. నేను రసాయనశాస్త్రం చదువుకోవటానికి ఆ పరీక్షనాళికే కారణం. ఇంకో కారణం లేదు.

పరిశోధనలో నేను చేసిందీ అదే చర్య. అప్పుడు రాగి కరిగి వెండి వచ్చింది, ఇప్పుడు వెండి కరిగి బంగారం వస్తుంది. అయితే అది తీగమీద కాదు, కంటికి కనిపించని వెండి దిమ్మమీద.

ఎంత చిన్న దిమ్మ? తలవెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు అనుకోండి. నా వెండి దిమ్మ పక్క పొడవు 50 నానోమీటర్లు. వెంట్రుక మందంలో అలాంటివి 1,600 వరసగా పేర్చవచ్చు. ఆ దిమ్మ పాచికలా ఆరు పలకలతో ఉంటుంది. అందులో సుమారు 73 లక్షల వెండి పరమాణువులు ఉంటాయి. పిల్లలూ, ఈ లెక్క మీరే వేయవచ్చు. వెండి స్ఫటికంలో 0.409 నానోమీటర్ల పక్క ఉన్న ప్రతి చిన్న గదికీ నాలుగు పరమాణువులు లెక్కకొస్తాయి. మిగతాది గుణకారమే.

2002 చివర్లో అమెరికాలోని సియాటిల్‌లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం నుంచి యుగాంగ్ సన్, యునాన్ షియా అనే ఇద్దరు 'సైన్స్' పత్రికలో ఒక పరిశోధనా పత్రం ప్రచురించారు. ఇథిలీన్ గ్లైకాల్ అనే చిక్కటి ద్రవాన్ని వేడిచేసి, అందులో వెండి నైట్రేటును, పీవీపీ అనే ఒక పాలిమర్‌ను కలిపి, చక్కటి ఘనాకారంలో వెండి నానోకణాలు చేశారు. వేడి గ్లైకాల్ వెండి అయాన్లను లోహంగా మారుస్తుంది. పీవీపీ ఘనం పలకలమీద అంటుకుని, ఆ పలకలు పెరగకుండా ఆపుతుంది. మిగతా దిక్కుల్లో పెరుగుదల సాగి, చివరికి ఆ ఆరు పలకలే మిగులుతాయి. ఏ పలక మెల్లగా పెరుగుతుందో అదే చివరికి నిలుస్తుంది. ఆకృతిని అదుపు చేయటంలో మొదటి సూత్రం అదే.

తర్వాత వాళ్లు ఆ ఘనాలున్న మరుగుతున్న నీళ్లలో బంగారు లవణం ద్రావణం కలిపారు. బంగారు అయాన్ లోహంగా మారాలంటే మూడు ఎలక్ట్రాన్లు కావాలి. వెండి పరమాణువు ఇచ్చేది ఒక్కటే. కాబట్టి ఒక బంగారు పరమాణువు కూర్చోవాలంటే మూడు వెండి పరమాణువులు లేచిపోవాలి. వచ్చేది ఒకటి, పోయేవి మూడు. బంగారం వచ్చి బయట కూర్చుంటే లోపల ఖాళీ ఏర్పడుతుంది. వెండి, బంగారం స్ఫటికాల కొలతలు దాదాపు ఒకటే. వెండిది 0.409, బంగారానిది 0.408. అందుకే బంగారం వెండిమీద కొలిచి కోసిన రేకులా సరిపోతుంది. వెండి మొత్తం పోయిందనుకుని లెక్క వేస్తే, మిగిలే బంగారు గోడ మందం సుమారు రెండున్నర నానోమీటర్లు. నాన్న ఎంత పల్చటి రేకు కొట్టినా దాని దరిదాపులకు రాదు.

నేను 2003లో హైదరాబాదులో పీహెచ్‌డీలో చేరాను. మా గైడుగారు ఆ పత్రం చేతిలో పెట్టి, "ముందు ఇది చేసి చూపించు, ఆ తర్వాత మన పని మొదలు" అన్నారు. వంట పుస్తకం చదివినట్టు చదివి, ఒక నెలలో అయిపోతుందనుకున్నాను. ఏడాదిన్నర పట్టింది.

ఒక వారం ఘనాలు వచ్చేవి. మరో వారం అవే పాళ్లు, అదే వేడి, అవే చేతులు, కానీ పొడవాటి తీగలు, గుండ్రటి ముద్దలు వచ్చేవి. మాకు సొంత ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు లేదు. ఇంకో సంస్థలో వంతుకోసం రెండు మూడు వారాలు ఎదురుచూడాలి. అక్కడ తెరమీద ముద్దలు కనిపిస్తే ఆ నెల పోయినట్టే. నాతో చేరినవాళ్లు పత్రాలు ప్రచురిస్తున్నారు. మా ఇంట్లో పరిస్థితి కూడా అప్పుడు బాగాలేదు. పట్నంలో పెద్ద నగల దుకాణాలు వచ్చాక నాన్న కుంపటి దగ్గరికి ఎవరూ రావటం లేదు. తెగిన గొలుసులు అతకటం తప్ప పని లేదు. నా ఫెలోషిప్ డబ్బులో సగం ఇంటికి వెళ్లేది.

2005లో ఒక రోజు తెరమీద ఒక అద్భుతం కనిపించింది. నాలుగు పెట్టెలు పక్కపక్కన ఉన్నాయి. గోడలు నల్లగా, మధ్యలో లేతగా, అంటే లోపల బోలు. మూలలు సూదిగా ఉన్నాయి. నేను సన్నగా అరిచాను. మైక్రోస్కోపు ఆపరేటర్ నవ్వాడు. ఆ బొమ్మ ప్రింటు తీసుకున్నాను. నెల రోజుల్లో ఒక జాతీయ సదస్సు ఉంది. ఆ బొమ్మతో సారాంశం రాసి పంపేశాను. అది ఆమోదం కూడా పొందింది. ఆ వారం సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు బొమ్మ నాన్నకు చూపించాను.

నాన్న కళ్లద్దాలు పెట్టుకుని, నగ చూసినట్టే చాలాసేపు చూశారు. "పనితనం బాగుంది" అన్నారు. తర్వాత అడిగారు: "మొత్తం ఎన్ని చేశావు?"

"లెక్కపెట్టలేనన్ని నాన్నా, కోట్లు."

"నూటికి ఎన్ని ఇలా వచ్చాయి?"

నేను జవాబు చెప్పలేదు. చెప్పలేక కాదు. ఆ తెరమీద పక్క చోట్లలో ఏముందో నాకు తెలుసు. విరిగిన ముక్కలు, సగం తిన్న ఘనాలు, తీగలు. అవన్నీ జరిపేసి బాగున్న మూలకు వెళ్లి తీసిన బొమ్మ అది.

నాన్న కోప్పడలేదు. "పేరులో మంచి గుండు ఒక్కటి చూపించి బేరం ఆడితే, దండ కొన్నవాడు రేపు అడుగుతాడు తల్లీ" అని బొమ్మ వెనక్కి ఇచ్చారు. కాసేపాగి ఇంకొకటి అడిగారు. "బయటంతా బంగారం కప్పుకుంటే లోపలి వెండి ఎటునుంచి పోయింది? దారి ఏది?"

నగ పని తెలిసినవాళ్లకే ఆ ప్రశ్న వస్తుంది. రంధ్రం లేకుండా మూసేసిన గుండును నిప్పుమీద పెడితే లోపలి గాలి ఉబ్బి పగులుతుంది. రాగితీగమీద బంగారు రేకు చుట్టి గొలుసు అల్లి, లోపలి రాగిని ద్రావకంలో కరిగించి బోలు గొలుసు చేసే పద్ధతి ఆయనకు తెలుసు. అక్కడా ద్రావకం లోపలికి పోవటానికి దారి ఉండాలి. నేను చదివిన జవాబు ఒప్పజెప్పాను. ఘనం ఒక పలకమీద ముందు చిన్న గుంట పడుతుంది, వెండి అందులోంచి పోతుంది, చివరికి ఆ గుంట మూసుకుపోతుంది అని. "నీవాటిలో చూశావా?" అన్నారు. చూడలేదు.

తిరిగి వెళ్లి రెండు పనులు చేశాను. మొదటిది, ఆ నమూనాను మళ్లీ మైక్రోస్కోపు కింద పెట్టించి, చోటు ఎంచుకోకుండా వరసగా బొమ్మలు తీసి, 200 కణాలు లెక్కపెట్టాను. పూర్తి పెట్టెలు 31. నూటికి పదహారు కూడా కావు. రెండోది, సదస్సువాళ్లకు ఉత్తరం రాసి నా సారాంశం వెనక్కి తీసుకున్నాను. అది చెప్పటానికి గైడుగారి గదికి వెళ్లినప్పుడు నా కాళ్లు వణికాయి. ఆయన ఐదు నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత, "అయితే మిగతా 169 ఎందుకు కాలేదో కనుక్కో. నీ థీసిస్ అదే" అన్నారు. ఆ మాటకు ఆయనకు ఈనాటికీ రుణపడి ఉన్నాను.

ఎందుకు కాలేదో చెప్పింది నా నోటు పుస్తకం. మా సైన్సు మాస్టారు ప్రయోగం రాసేటప్పుడు సీసామీద ఉన్న అంకెలు కూడా రాయించేవారు. "ఏ సీసాలోదో రాయకపోతే ఏ వంట ఎవరు వండారో ఎలా తెలుస్తుంది?" అనేవారు. ఆ అలవాటుకొద్దీ గ్లైకాల్ సీసాల బ్యాచ్ నెంబర్లు నా పుస్తకంలో ఉన్నాయి. ఘనాలు వచ్చిన రోజులకు ఎర్ర సిరాతో, రాని రోజులకు నీలి సిరాతో గీతలు గీశాను. ఎర్ర గీతలన్నీ రెండు సీసాల దగ్గరే పడ్డాయి. ఒకే రోజు, ఒకే చేత్తో, పాత సీసాతో ఒకటి, కొత్త సీసాతో ఒకటి చేశాను. మొదటిదాంట్లో ఘనాలు, రెండోదాంట్లో తీగలు.

గ్లైకాల్ రెండిటిలోనూ శుద్ధమైనదే. తేడా అంతా దానితోపాటు వచ్చిన నలుసంత ఇనుములో, నలుసంత క్లోరైడులో ఉంది. లీటరుకు మిల్లీగ్రాములో ఏ పదో వంతో ఇనుము ఉన్నా ఈ చర్య దారి మారిపోతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇదే విషయంమీద పరిశోధనా పత్రాలు వస్తున్నాయి. కనుక ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. నా సీసాల్లో జరుగుతున్నది ఏమిటో నేను తెలుసుకున్నానంతే.

సంగతి ఇది. మొదట వెండి చిన్న చిన్న విత్తనాలుగా పుడుతుంది. వాటిలో కొన్ని ఒకే స్ఫటికంగా ఉంటాయి. కొన్నిటిలో స్ఫటికం జంటగా అతుక్కుని లోపల గీతలుంటాయి. ఒకే స్ఫటికంగా ఉన్న విత్తనం ఘనమవుతుంది, గీతలున్నవి తీగలవుతాయి. గాలిలోని ఆక్సిజన్, క్లోరైడు కలిసి గీతలున్న విత్తనాలను తినేసి కరిగిస్తాయి. మన రైతులు విత్తనాలను ఉప్పునీళ్లలో పోసి తాలు గింజలు తేల్చి తీసేస్తారే, దాదాపు అలాంటిదే. ఇనుము ఎక్కువైతే వెండిమీది ఆక్సిజన్‌ను లాగేస్తుంది, అప్పుడు తాలు గింజలు కూడా బతికిపోతాయి. ఇది తెలిశాక, శుద్ధమైన గ్లైకాల్ తీసుకుని, కావలసినంత క్లోరైడు మేమే కొలిచి కలపటం మొదలుపెట్టాం. మలినం దయమీద ఆధారపడటం మానేశాం. ఘనాలు వారంవారం రావటం మొదలైంది.

ఇక నాన్న అడిగిన దారి. బంగారు ద్రావణాన్ని ఒకేసారి పోయకుండా బొట్టుబొట్టుగా కలుపుతూ, కొన్ని బొట్లకొకసారి ఆపి నమూనా తీశాను. ముందు ద్రావణం పసుపు రంగులో ఉంటుంది. తర్వాత నారింజ, ఎరుపు, ఊదా, చివరికి నీలం. అదంతా బంగారం, వెండి రంగే. లోహం ఒకటే అయినా కణం ఆకారం, గోడ మందం మారితే కాంతిని పట్టుకునే తీరు మారుతుంది. బంగారు కణాల ద్రావణం కెంపు రంగులో ఉంటుందని మైకేల్ ఫారడే 1857లోనే రాశాడు. నా నమూనాల్లో మొదటి నారింజ రంగు దగ్గర ఘనాల పలకమీద చిన్న గుంట కనిపించింది. ఒక్కో ఘనానికి ఒకటే. తర్వాత లోపల బోలు పెరిగింది. తర్వాత గుంట మూసుకుపోయి నిండు పెట్టె అయింది. ఈ వేడిలో మిగిలిన వెండి గోడలోని బంగారంతో కలిసి మిశ్రమమవుతుంది. ఇంకా బొట్లు కలిపితే ఆ మిశ్రమంలోని వెండి కూడా లేచిపోయి గోడలో చిల్లులు పడతాయి. పెట్టె పంజరమవుతుంది. అప్పుడూ ఆపకపోతే పంజరం కూలి ముక్కలవుతుంది. నా 169లో చాలా ముక్కలు అలా వచ్చినవే. నేను ఆపవలసిన చోట ఆపలేదు. అందం పోతుందని తెలియక మరో రెండు బొట్లు వేశాను.

కనుక ఆకృతిని అదుపు చేయటమంటే నాలుగైదు చోట్ల చేయి పట్టు తప్పకుండా ఉంచటమే. మొదటి దిమ్మ ఏ ఆకారంలో ఉంటే బోలు వస్తువు ఆ ఆకారంలో వస్తుంది. ఘనం పెట్టె అవుతుంది, తీగ గొట్టమవుతుంది, ఉండ బోలు బంతి అవుతుంది. దిమ్మ మూలలు సూదిగా ఉంటే గోడలు నున్నగా వస్తాయి. మూలలు ముందే కాస్త అరగదీసినట్టుంటే అక్కడ పీవీపీ కాపలా పలచబడి, సరిగ్గా మూలల్లోనే చిల్లులు పడతాయి. నీళ్లు మరుగుతూ ఉండాలి. చల్లగా ఉంటే చర్యలో పుట్టే వెండి క్లోరైడు తెల్లటి గసిలా కణాలమీద పేరుకుంటుంది. 25 డిగ్రీల దగ్గరికన్నా 100 డిగ్రీల దగ్గర అది సుమారు పదింతలు ఎక్కువ కరుగుతుంది. ఇక చివరిది, ఎప్పుడు ఆపాలో తెలియటం.

బోలు చేయటానికి వేరే దారులూ ఉన్నాయి. ఇంట్లో ఇత్తడి చెంబు ఉంటుంది కదా, రాగి, తుత్తునాగం కలిసిన లోహం. 1947లో ఎర్నెస్ట్ కిర్కెండాల్, తన విద్యార్థితో కలిసి, ఇత్తడికి రాగి పూత పూసి, మధ్యలో మాలిబ్డినం తీగలు గుర్తుగా పెట్టి వేడిచేశాడు. తీగలు జరిగాయి. తుత్తునాగం బయటికి పోయినంత వేగంగా రాగి లోపలికి రావటం లేదని దానర్థం. అప్పటి పెద్దలు ముందు నమ్మలేదు. కొలత మాత్రం నిలిచింది. 2004లో అదే సూత్రంతో కోబాల్టు నానోకణాలను బోలు కణాలుగా మార్చి చూపించారు.

"ఇదంతా ఎందుకు?" అంటారు. మన శరీర కణజాలంలోంచి ఎరుపు దాటిన కాంతి, 700 నుంచి 900 నానోమీటర్ల మధ్యది, మిగతా రంగులకన్నా లోతుగా పోతుంది. మామూలు బంగారు ఉండలు ఆ కాంతిని పట్టుకోవు. పల్చటి గోడల బోలు పెట్టెలు పట్టుకుని వేడెక్కుతాయి. ఆ వేడితో కణితి కణాలను చంపవచ్చా అని ఎలుకలమీద ప్రయోగాలు జరిగాయి. ఇది ఇంకా ఆసుపత్రుల్లో దొరికే వైద్యం కాదు, ఆశ పెట్టను. రెండోది, ప్లాటినం వంటి ఖరీదైన లోహాలతో రసాయన చర్యలను వేగవంతం చేస్తారు. పని జరిగేది పైపొరమీదే, లోపలి లోహం దండగ. 2014లో ప్లాటినం, నికెల్ కణాల్లోంచి లోపలి భాగం కరిగించి, ఉత్త చట్రాలు మిగిల్చి, ఇంధన ఘటాల చర్యకు వాడి చూపించారు. కాస్త బంగారంతో నిండు పేరు చేయించుకున్న మన అమ్మమ్మల లెక్కా అదే.

నా థీసిస్‌లో ప్రతి బొమ్మ కిందా రెండు అంకెలు ఉంటాయి. లెక్కపెట్టిన కణాలెన్ని, వాటిలో కావలసిన ఆకారంలో ఉన్నవెన్ని. పరీక్షకులు ఒకరు, "ఇలా ఎవరూ రాయరే, ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడిగారు. "మా ఇంట్లో రెండు తూకాలు వేసేవాళ్లండీ" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. మీకు అర్థమవుతుంది.

నాన్న 2011లో పోయారు. అంతకుముందు ఒకసారి ఐదు రంగుల సీసాలు తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. ఎండకు పట్టి చూసి, "ఇందులో బంగారమెంత?" అన్నారు. గ్రాములో ఎన్నో వంతో చెప్పాను. "చీటీ రాశావా?" అన్నారు. రాశానన్నాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పొద్దున్న మన బడి అంతా తిరిగి చూశాను. కొత్త ప్రహరీ, కొత్త గేటు, స్వర్ణోత్సవ స్తూపం బాగున్నాయి. మన పాత సైన్సు గదికి తాళం వేసి ఉంది. కిటికీలోంచి చూస్తే విరిగిన బెంచీలు పైకప్పుదాకా పేర్చి ఉన్నాయి. వెనక కూర్చున్న పిల్లల్ని అడిగాను, "రాగితీగమీద వెండి మొలవటం చూశారా?" అని. చూశామన్నారు. ఎక్కడంటే, ఫోన్‌లో. ఆ వీడియోలో ప్రతిసారీ వెండి మొలుస్తుంది. మొలవని రోజు ఉండదు. మొలవని రోజు ఎందుకు మొలవలేదో వెతకటమే సైన్సు. అది ఫోన్‌లో దొరకదు.

సంఘం ఖాతాలో మిగిలిన డబ్బుతో ఇంకో తోరణం కడదామన్న ఆలోచన ఉందని విన్నాను. పెద్దలు మన్నించాలి. ఆ డబ్బుతో ఆ గది ఖాళీ చేయించి, నీళ్ల కుళాయి, నాలుగు బల్లలు, తాళం వేసే బీరువా పెట్టించండి. ఏటా వెండి నైట్రేటు సీసా, ఒక తూకం యంత్రం నా బాధ్యత. సంక్రాంతి సెలవుల ముందు రెండు రోజులు వచ్చి పిల్లలతో నేనే చేయిస్తాను. మా బ్యాచ్‌వాళ్లు ఇద్దరు ఇప్పటికే తోడు వస్తామన్నారు.

పిల్లలకు ఒక్క మాట. మీ ప్రయోగం వస్తే రాసుకోండి. రాకపోతే ఇంకా వివరంగా రాసుకోండి, సీసామీది అంకెతో సహా. బాగున్న బొమ్మ ఒక్కటే చూపించాలనిపించిన రోజు, నూటికి ఎన్ని అని మిమ్మల్ని మీరే అడగండి.

అమ్మ ఈరోజు ముందు వరసలోనే కూర్చుంది. అమ్మా, ఏమీ లేనిదానికి ఐదేళ్లెందుకో ఇప్పుడు చెప్పాననుకుంటున్నాను. లోపల ఏమీ లేకుండా చేయటం సులభమే. చుట్టూ ఉన్న గోడ నిలబడేటట్టు చేయటానికే అంత కాలం పట్టింది.